కుట్టు నిలవదని ముందే లెక్క కట్టేది ఎవరు?

“నిలవదమ్మా, తీసుకుపోండి.”

పోయిన మిరపకోతల్లో మా అన్న కూతురికి పట్నంలో ఒక ఆసుపత్రి వాళ్లు చెప్పిన మాట ఇంతే. అప్పటికి ఆ పిల్లకి ఇరవై రెండో వారం. నొప్పులు లేవు. ఉమ్మనీరు పోలేదు. జ్వరం లేదు. నాలుగు రోజులుగా కింద బరువుగా ఉంది, తెల్లబట్ట ఎక్కువైంది అని చూపించుకోను పోయింది. పరీక్ష చేసి, గర్భసంచి మూతి తెరుచుకుంది, ఉమ్మనీటి సంచి కనపడుతోంది అన్నారు. “మూతికి కుట్టు వేస్తారంట గదా” అని మా వదిన అడిగింది. పక్క ఊళ్లో ఎవరికో వేశారని విని అడిగింది. దానికి వచ్చిన జవాబే పైన రాసింది. ఎందుకు నిలవదో చెప్పలేదు. ఇక్కడ కాకపోతే ఎక్కడికి పోవాలో చీటీ రాసివ్వలేదు. ఆటో మాట్లాడుకుని పిల్లని ఇంటికి తెచ్చుకున్నారు.

రెండు రోజుల తర్వాత నాకు తెలిసింది. తెల్లారకముందే బయల్దేరి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారిలోనే ఉమ్మనీరు పోయింది. అక్కడి డాక్టరమ్మ మంచి మనిషి. కూచోబెట్టి చెప్పింది. “ఉమ్మనీరు పోయాక కుట్టు వేయకూడదు, తల్లికి ప్రమాదం. రెండు రోజుల ముందు తెచ్చుంటే ప్రయత్నం చేసేవాళ్లం” అంది. ఆడబిడ్డ పుట్టింది. అరగంట ఉంది.

ఆ పిల్లకి అది మూడోది. అంతకుముందు ఒకటి ఐదో నెలలో పోయింది, ఒకటి ఆరో నెలలో పోయింది. రెండు పోయినా మూడోసారి గర్భసంచి మూతి పొడవు ఎంతుందో కొలిచి చూసినవాళ్లు లేరు. కార్డులో మాత్రం అన్నీ రాసున్నాయి.

నేను డాక్టర్ని కాను. హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. అందుకే ఆ “నిలవదు” అనే మాట వెనక ఉన్న లెక్కేందో చూద్దామని కూచున్నాను. డాక్టరమ్మని అడిగాను, తెలిసినవాళ్ల చేత పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ఆ సంగతి మన పత్రికలో రాయడం ఎందుకంటే, ఇది ఒక్క మా ఇంటి ఏడుపు కాదు. 2020లో ప్రపంచంలో 1 కోటి 34 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుడితే, అందులో 30 లక్షలమంది మన దేశంలో పుట్టారు. 37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు.

కుట్టు కథ

బిడ్డ నెలలు నిండేదాకా గర్భసంచి మూతి బిగుసుకుని ఉండాలి. కొందరికి నొప్పులు ఏమీ రాకుండానే నాలుగు, ఐదు నెలల్లో ఆ మూతి పొట్టిదైపోయి తెరుచుకుంటుంది. గోతాం మూతి తాడేసి కట్టినట్టు దాని చుట్టూ కుట్టు వేసి బిగించడమే వైద్యం. ఇదేమీ పైదేశాల నుంచి దిగిన విద్య కాదు. 1955లో బొంబాయి డాక్టరు వి.ఎన్. శిరోద్కర్ లోకానికి చెప్పిన పద్ధతి. ఆయన మొదట్లో తొడ కండ మీది పొర నుంచి పట్టీ తీసి దాంతోనే కట్టేవాడు. 1957లో ఆస్ట్రేలియాలో మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు ఇంకా తేలికైన కుట్టు చూపించాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా ఈ రెండు పేర్లతోనే కుట్లు వేస్తున్నారు. అంతా బాగుంటే 36, 37 వారాల దగ్గర కుట్టు తీసేస్తారు.

ఈ కుట్టు మూడు సందర్భాల్లో వేస్తారు. ఒకటి, ముందు కాన్పులు ఇట్లాగే పోయినవాళ్లకి మూడో నెల దాటగానే వేసేది. రెండు, ముందు ఇట్లా పోయినవాళ్లకి 24 వారాల లోపు స్కాన్‌లో మూతి పొడవు 25 మిల్లీమీటర్ల కంటే తగ్గితే వేసేది. మూడు, మూతి తెరుచుకుని ఉమ్మనీటి సంచి కనపడుతున్నప్పుడు ఆఖరి ప్రయత్నంగా వేసేది. దీన్ని ఎమర్జెన్సీ కుట్టు అంటారు.

మొదటి రెండూ ముందుగా వేసేవి. మూడోది ఇల్లు అంటుకున్నాక నీళ్లు చల్లడం. మా పిల్ల మొదటి కుట్టుకూ అర్హురాలే, రెండో కుట్టుకూ అర్హురాలే. మూడో కుట్టు దగ్గరికి పోయేదాకా ఆమెను ఎవరూ చూడలేదు. అక్కడికి పోయాక “ఆలస్యమైంది” అన్నారు.

లెక్క ఏం చెబుతుంది?

ఎమర్జెన్సీ కుట్టు వేశాక బిడ్డ ఎన్నాళ్లు ఆగుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఎంత అని ముందే అంచనా వేయడానికి డాక్టర్లు కొన్ని లెక్కలు తయారు చేశారు. చైనాలోనూ ఇంకా కొన్ని దేశాల్లోనూ ఇట్లాంటి పట్టికలు వచ్చాయి. వాటిలోకి తీసుకునేవి ఇవి: ఎన్నో వారం, మూతి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, ఉమ్మనీటి సంచి ఎంత కిందికి జారింది, ఒంట్లో చీము పట్టిన గుర్తులు రక్తపరీక్షలో ఉన్నాయా, కడుపులో ఒక బిడ్డా కవలలా, ముందు కాన్పులు ఏమయ్యాయి. ఒక్కోదానికి కొన్ని మార్కులు వేసి, చివరికి నూటికి ఇంత అని చెబుతారు.

ఇందులో నిజం ఉంది. నాలుగు సెంటీమీటర్లకు మించి తెరుచుకున్నా, ఉమ్మనీటి సంచి మూతి దాటి కిందికి జారినా కుట్టు విఫలమయ్యే అవకాశం ఎక్కువ అని ఇంగ్లండు ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజి తన నియమాల్లో రాసింది. నొప్పులు మొదలైతే, ఉమ్మనీరు పోతే, చీము పడితే, రక్తం పోతుంటే కుట్టు వేయకూడదు. వేస్తే తల్లికే ముప్పు. కాబట్టి కుట్టు వేయని ప్రతి డాక్టరూ మనకు అన్యాయం చేసినట్టే అని నేను అనను. అట్లా అంటే మన ఆడపిల్లల ప్రాణంతోనే ఆటాడినట్టవుతుంది.

అదే కాలేజి ఇంకో మాట కూడా రాసింది. కుట్టు వేయకుండా చూస్తూ కూచోవడంతో పోలిస్తే, ఎమర్జెన్సీ కుట్టు వేస్తే కాన్పు సుమారు 34 రోజులు వెనక్కి పోవచ్చని. 2003లో నెదర్లాండ్స్ డాక్టర్లు 23 మంది స్త్రీల మీద చేసిన పరిశీలనలో కుట్టు వేసినవాళ్లకు సగటున 54 రోజులు దొరికాయి, మంచం మీద పడుకోబెట్టి ఉంచినవాళ్లకు 20 రోజులు. ఇరవైమూడు మందంటే చిన్న లెక్కే, ఆ సంగతి నాకు తెలుసు. అయినా కాగితం మీద వేసి చూడండి. 22 వారాలకు 34 రోజులు కలిపితే 27 వారాలకు ఒక్కరోజు తక్కువ. 54 రోజులు కలిపితే దాదాపు 30 వారాలు. 22 వారాల బిడ్డను బతికించడం ఎక్కడైనా కష్టం. 27, 30 వారాల బిడ్డను మంచి వార్డు ఉంటే బతికించుకోవచ్చు. మధ్యలో ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజక్షను ఇవ్వడానికి వ్యవధి దొరుకుతుంది.

“నిలవదు” అనే మాట లెక్క కాదు. లెక్క అయితే నూటికి ఇంత అని చెప్పాలి. నూటికి ముప్పై అంటే సున్నా కాదు, వందమందిలో ముప్పైమంది బిడ్డలు. ఒక బడిలో నూటికి ముప్పైమందే పాసయ్యేట్టున్నారని ముందే తెలిస్తే ఏం చేస్తాం? బడికి తాళం వేస్తామా? ఇంకో టీచర్ని వేస్తాం, సాయంత్రం క్లాసులు పెడతాం. అంచనా ఉన్నది అందుకు.

నిలవరు అన్న మాట నాకు కొత్త కాదు

నేను ఏడో తరగతిలో ఉండగా మా అయ్యవారొకాయన మా నాన్నతో అన్నాడు: “మీ పల్లె పిల్లలు హైస్కూల్లో నిలవరురా, ఎందుకు ఆ ఖర్చు?” ఆయన అబద్ధం చెప్పలేదు. నాకు ముందు మా పల్లె నుంచి పోయిన పిల్లలెవరూ నిలవలేదు. ఆయన అంచనాకు పాత లెక్క ఉంది. ఆ పాత లెక్క ఎట్లా తయారైంది? ఫీజు లేక, హాస్టలు లేక, కోతలప్పుడు పనికి పోక తప్పక, క్లాసులో వెనక కూచోబెడితే సిగ్గుపడి పిల్లలు మానేశారు. ఆ మానేసినవాళ్ల లెక్క చూపించి తర్వాత పిల్లను కూడా మాన్పించమన్నారు. హాస్టల్లో సీటు దొరకబట్టి నేను నిలిచాను. నా తెలివి కంటే హాస్టలు బువ్వ ఎక్కువ పనిచేసింది.

కుట్టు లెక్క కూడా ఇట్లాగే మోసం చేయగలదు. అది తయారయ్యేది ఆసుపత్రి పాత కేసు షీట్ల నుంచి. కుట్టు వేయించుకున్నవాళ్ల షీట్లే అందులో ఉంటాయి. మా పిల్లలాగా వెనక్కి పంపినవాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. పోనీ ఉన్నా ఎట్లా ఉంటారు? “నిలవదు” అని పంపించారు, రెండు రోజులకు పోయింది. చూశారా, నిలవదని చెప్పాం గదా అంటారు. చెప్పిన జోస్యాన్ని తామే నిజం చేసి, దాన్నే మళ్లీ రుజువుగా చూపిస్తారు.

అమెరికాలో జరిగిన ఒక సంగతి మనోళ్లు తెలుసుకోవాలి. ఒకసారి ఆపరేషన్ కాన్పు అయిన స్త్రీకి రెండోసారి మామూలు కాన్పు అయ్యే అవకాశం ఎంత అని చెప్పే ఒక లెక్కను అక్కడ 2007లో తయారు చేశారు. అందులో వయసు, బరువుతోపాటు నల్లజాతి స్త్రీయా, హిస్పానిక్ స్త్రీయా అని గళ్లు పెట్టారు. అవునంటే అవకాశం తగ్గించి చూపించేది. ఒకే వయసు, ఒకే బరువు, ఒకే చరిత్ర ఉన్న ఇద్దరు స్త్రీల్లో నల్లామెకు తక్కువ నంబరు. ఆ నంబరు చూసి మళ్లీ కత్తి వైపు నెట్టడం తేలిక. నల్లజాతి డాక్టర్లూ స్త్రీలూ ఇంకా ఎందరో నిలదీశాక, 2021లో ఆ గళ్లు తీసేసి కొత్త లెక్క ఇచ్చారు.

అదే దేశంలో 2022లో నల్లజాతి తల్లులకు నూటికి 14.6 కాన్పులు నెలలు నిండకుండా అయ్యాయి, తెల్లజాతి తల్లులకు 9.4. తేడా ఉన్నది నిజం. ఆ తేడాను నల్ల ఒంటి లోపం అనుకుంటే ఒక దారి, జాతి వివక్ష ఆ ఒంటికి చేసిన గాయం అనుకుంటే ఇంకో దారి. మొదటి దారిలో పోతే ఆమెకు తక్కువ వైద్యం దొరుకుతుంది. రెండో దారిలో పోతే ఎక్కువ వైద్యం, ముందుగా వైద్యం దొరకాలి.

రేపు మన దేశంలో కుట్టు లెక్కలోకి “ఎస్సీ” అని ఒక గడి చేర్చి మార్కులు తగ్గిస్తే మనం ఊరుకోకూడదు. కులం గర్భసంచిలో ఉండదు. ఆమె ఎన్ని మైళ్లు నడిచి ఆసుపత్రికి వచ్చింది, ఎన్నో నెలదాకా వంగి కోత కోసింది, పరీక్ష చేసే చెయ్యి ఆమెను ముట్టుకోవడానికి ఎంత వెనకాడింది, ఎన్నిసార్లు “పక్కన కూచో” అనిపించుకుంది, అక్కడ ఉంటుంది కులం. లెక్కలో వేయాలంటే అవి వేయండి. అవన్నీ మార్చదగినవి.

విశ్రాంతి ఎవరి సొత్తు?

కుట్టు వేశాక బరువులెత్తొద్దు, ఎక్కువ నిలబడొద్దు అని చెప్పి పంపిస్తారు. రోజంతా మంచం మీదే పడుకుంటే మేలు జరుగుతుందనడానికి గట్టి రుజువు లేదని ఇప్పుడు డాక్టర్లే అంటున్నారు. సరే. పడుకోవడం వేరు, పొద్దున్నుంచి సందేళదాకా ఎండలో వంగి మిరపకాయ కోసి, సాయంత్రం టిక్కీ నెత్తినెత్తుకోవడం వేరు. ఏ పట్టికలోనూ ఈ రెంటికీ తేడా చూపించే గడి నాకు కనపడలేదు.

నాలాంటి ప్రభుత్వ టీచరుకు కాన్పుకి ఆరు నెలలు జీతంతో సెలవుంది. నేను వాడుకున్నాను. అదే ఇంట్లో పుట్టిన మా అన్న కూతురికి ఒక్కరోజు లేదు. కోతకు పోకపోతే కూలి లేదు, పైగా మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఉంది. ప్రధానమంత్రి మాతృవందన కింద మొదటి కాన్పుకి ఇచ్చేది 5,000 రూపాయలు. ఉద్యోగస్తురాలికి 2017లో చట్టం 26 వారాల సెలవు ఇచ్చింది. ఆ 26 వారాలకు ఈ 5,000 పంచితే రోజుకు 27 రూపాయలు. 2013 ఆహార భద్రత చట్టంలో రాసిందేమో 6,000కు తగ్గకూడదని.

1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ స్త్రీల ప్రసూతి సాయం బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ లేచి దాన్ని బలపరిచాడు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు అన్నాడు. ఆమె పనివల్ల లాభపడేవాడు ఆ భారంలో కొంత మోయాలన్నాడు. మరుసటి ఏడు అది చట్టమైంది. శిరోద్కర్ కుట్టు అదే బొంబాయిలో తర్వాత పాతికేళ్లకు పైబడి వచ్చింది. కుట్టు మన ఆడవాళ్ల దాకా కొంతన్నా వచ్చింది. బాబాసాహెబ్ అడిగిన విశ్రాంతి మిరప చేలదాకా ఇంకా రాలేదు. కుట్టు వేసి చేనుకు పంపిస్తే నిలవకపోవడం ఎవరి తప్పు?

మన తప్పు కూడా చెప్పుకోవాలి

మూడోది పోయాక మా పల్లెలోనే ఏమన్నారు? “దాని కడుపు నిలవదు” అన్నారు. అబ్బాయికి ఇంకో సంబంధం చూడమన్న పెద్దలు కూడా ఉన్నారు. ఆసుపత్రి అన్న మాటే, వాళ్లు నీళ్ల గది దగ్గర అన్నారు, మనోళ్లు అరుగు మీద అన్నారు.

మన సంఘం మీటింగులో ఈ సంగతి తెస్తే ఒక తమ్ముడు, “అక్కా, ఇది ఆడోళ్ల సంగతి గదా, భూమి సమస్య మీద మాట్లాడుకుందాం” అన్నాడు. తమ్ముడూ, భూమి లేకనే ఆ పిల్ల ఐదో నెలలో కోతకు పోయింది. రెండూ వేరు వేరు సమస్యలు కావు. శ్మశానం దారి కోసం ధర్నా చేసిన మనం, ఆ శ్మశానానికి అరగంట బిడ్డను ఎత్తుకుపోతుంటే ఆడోళ్ల సంగతి అని పక్కకు తప్పుకుంటామా?

ఏం చేయాలి?

పల్లెలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక్కసారైనా నాలుగు నుంచి ఏడు నెలల మధ్య కాన్పు పోయిన స్త్రీల పేర్లు మన సంఘం దగ్గర ఉండాలి. ఆమె మళ్లీ నెల తప్పగానే రెండో నెలలోనే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చెప్పాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణీలను డాక్టరు చూడాలని 2016 నుంచి కార్యక్రమం నడుస్తోంది. ఆ రోజు తోడు పోవాలి. “ముందు కాన్పు ఐదో నెలలో పోయింది, మూతి పొడవు కొలవండి, ముందుగా కుట్టు వేయాలా చెప్పండి” అని నోరు తెరిచి అడగాలి. పైనుంచి చేసే స్కాన్ కంటే కింది నుంచి చేసే స్కాన్‌లో పొడవు సరిగ్గా తెలుస్తుంది, భయపడొద్దని పిల్లలకు చెప్పాలి. నొప్పి లేకపోయినా కింద బరువు, నడుము లాగడం, తెల్లబట్ట ఎక్కువ కావడం, ఎర్రచుక్క కనపడితే ఆ పూటే బయల్దేరాలి. రేపు చూద్దాం అనొద్దు.

ఆసుపత్రుల నుంచి అడగాల్సినవి:

1. కుట్టు వేయాలా వద్దా అనే అంచనాను తల్లికి తెలుగులో, నూటికి ఇంత అని, కారణంతో చెప్పాలి. కార్డులో రాయాలి.

2. తమ దగ్గర కుదరకపోతే ఎక్కడికి పోవాలో చీటీ రాసి, 108లో పంపాలి. ఇంటికి పంపడం రెఫర్ చేయడం కాదు.

3. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు వచ్చేట్టుంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇంజక్షను ఇవ్వాలి. మొదటి డోసు ఏఎన్ఎం ఇచ్చి పంపొచ్చని 2014లోనే కేంద్ర ఆరోగ్యశాఖ రాసింది. మన ఉపకేంద్రంలో ఆ మందు ఉందో లేదో మనమే పోయి చూడాలి.

4. కుట్టు వేసిన కూలితల్లికి కుట్టు తీసేదాకా రోజుకూలి లెక్కన సాయం ఇవ్వాలి.

5. కుట్టు వేయకుండా పంపినవాళ్ల లెక్క కూడా ఆసుపత్రి రాసిపెట్టాలి. ఎవరిని, ఏ ఊరినుంచి వచ్చినవాళ్లని, ఎందుకు పంపారో మనం అడుగుతాం.

మా అన్న కూతురికి మళ్లీ మూడో నెల. ఈసారి పెద్దాసుపత్రి డాక్టరమ్మ ముందుగానే కుట్టు వేద్దాం అంది. నిలుస్తుందని ఆమె మాట ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. “ముందు కంటే అవకాశం మెరుగు, అయినా ప్రమాదం ఉంది, ఈ గుర్తులు కనపడితే రాత్రైనా రండి” అని చెప్పి, ఫోను నంబరు రాసిచ్చింది. ఆ పిల్ల బయటికి వచ్చి నాతో, “అత్తా, ఈమె నాతో మాట్లాడింది” అంది. మేస్త్రీ అడ్వాన్సు మేము తలా ఇంత వేసుకుని కట్టేశాం. ఈ ఏడు ఆమె కోతకు పోదు.

మా ఇంట్లో జీతం వచ్చే మనిషి ఉంది కాబట్టి ఇది కుదిరింది. లేని ఇళ్ల సంగతి ఏంది? వచ్చే నెల 9వ తేదీ మీ పల్లె నుంచి ఎవరు తోడు పోతున్నారో ఇప్పుడే పేర్లు రాసుకోండి.

జై భీమ్.